నవ్వించాలనుకోని బొమ్మలు: పాత అమెరికన్ యాక్షన్ కామిక్ ముఖచిత్రాలు

పరిచయం

ముందు పాఠంలో మీరు హాస్యరసం గురించి చదివారు. అక్కడ ఉదాహరణలుగా తీసుకున్న రచనలన్నీ పాఠకుణ్ణి నవ్వించాలని రాసినవే. ఈ పాఠంలో మరో రకం హాస్యాన్ని పరిశీలిద్దాం. చిత్రకారుడు వీరాన్ని గాని, భయానకాన్ని గాని ఉద్దేశించి బొమ్మ వేస్తాడు. చూసినవాడికి మాత్రం నవ్వొస్తుంది. దీనిని అనుద్దేశిత హాస్యం అందాం. ఈ నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? వేసినవాడి చేతకానితనం నుంచా, చూసేవాడు ఉన్న దూరం నుంచా, లేక ఆ బొమ్మ తయారైన పరిస్థితుల నుంచా?

ఈ ప్రశ్నకు నేను ఎంచుకున్న సామగ్రి 1938 నుంచి 1960ల దాకా అమెరికాలో అచ్చయిన యాక్షన్ కామిక్ పుస్తకాల ముఖచిత్రాలు. సాహిత్య పాఠంలో పిల్లల బొమ్మల పుస్తకాలేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. రసచర్చకు ఇంత అనుకూలమైన సామగ్రి నాకు మరొకటి కనబడలేదు. ఒక్క పుటలో నాయకుడు, ప్రతినాయకుడు, ఆపద, ఉత్సాహం అన్నీ ఉంటాయి. ఈ బొమ్మలు మీ అందరికీ అందుబాటులో ఉండవు కాబట్టి ఒక్కొక్కదాన్నీ మాటల్లో వర్ణిస్తాను. చదువుతూ మనసులో గీసుకోండి.

కారును ఎత్తినవాడు

1938 జూన్ నెల పేరుతో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక వెలువడింది. వెల 10 సెంట్లు. ముఖచిత్రం మీద నీలం దుస్తులు, ఎర్రటి అంగవస్త్రం ధరించిన బలిష్ఠుడొకడు ఆకుపచ్చ కారును రెండు చేతులా ఎత్తి బండరాతికేసి మోదుతున్నాడు. చక్రం ఊడిపోయింది. ముందువైపున ఒక మనిషి రెండు చేతులతో తల పట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని మన వైపు పరుగెత్తుతున్నాడు. మాటల బుడగ ఒక్కటీ లేదు, వివరణా లేదు.

ఈ బలిష్ఠుడు సూపర్‌మ్యాన్. లోకం అతన్ని చూడడం అదే మొదటిసారి. అతను ఎవరో తెలియని మనిషి ఈ బొమ్మను చూస్తే ఏమనుకుంటాడో ఆలోచించండి. ఎవరి కారునో పాడుచేస్తున్న పిచ్చివాడు, ప్రాణభయంతో పారిపోతున్న అమాయకులు అనుకుంటాడు. లోపల కథ చదివితేగాని ఆ పారిపోయేవాళ్లు దుండగులని, కారు వాళ్లదని తెలియదు. ప్రచురణకర్త హ్యారీ డోనెన్‌ఫెల్డ్‌కే ఈ బొమ్మ నవ్వులాటగా తోచిందని ఆ సంస్థ చరిత్ర రాసినవారు చెబుతారు. తరువాతి కొన్ని సంచికల ముఖచిత్రాల మీద సూపర్‌మ్యాన్ లేడు. మళ్లీ ఏడవ సంచిక మీద కనిపించాడు. అప్పటికి అమ్మకాలు మాట్లాడడం మొదలుపెట్టాయి.

గమనించవలసింది ఏమిటంటే, ఈ బొమ్మను చూసి నవ్వినవారిలో మొదటివాడు దాని ప్రచురణకర్తే. కాబట్టి 'అప్పటివాళ్లు అమాయకులు, వాళ్లకు నవ్వు రాలేదు, మనం తెలివైనవాళ్లం గనక మనకు వస్తోంది' అనుకోవడం సరికాదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు ఆ పాత్ర మీద హక్కులను 130 డాలర్లకు రాసిచ్చేశారు. ఆ బొమ్మ ఎవరికి నవ్వులాట అయిందో దీన్ని బట్టి కూడా ఆలోచించవచ్చు.

ఔచిత్యం తప్పిన వీరం

ఇక సిద్ధాంతానికి వద్దాం. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు 'ఔచిత్య విచార చర్చ'లో ఒక సామాన్యమైన ఉదాహరణ ఇస్తాడు. మొలనూలు మెడకు కట్టుకుని, హారం నడుముకు చుట్టుకుని, అందెలు చేతులకు తొడుక్కున్నవాణ్ణి చూసి నవ్వనివాడు ఎవడు? ఆ నగల్లో దేనికీ లోపం లేదు. చోటు తప్పింది, అంతే. అక్కడితో ఆగక ఆయన, శరణన్న శత్రువు మీద చూపే శౌర్యం కూడా నవ్వులపాలవుతుందంటాడు. మన పాఠానికి ఈ రెండో మాట ముఖ్యం. శౌర్యం కూడా ఒక నగే. తగని చోట పెడితే అది హాస్యమవుతుంది.

అభినవగుప్తుడు ఇదే విషయాన్ని రసాభాస చర్చలో చెప్పాడు. ఏ రసమైనా అనుచితంగా ప్రవర్తిస్తే హాస్యానికి విభావం అవుతుంది. వీరరసాభాసను వెతుక్కోవడానికి కామిక్ ముఖచిత్రాల కంటే మంచి చోటు లేదు.

అందుకొక ఉదాహరణ. 1957 మార్చి నాటి 'డిటెక్టివ్ కామిక్స్' 241వ సంచిక ముఖచిత్రం. బ్యాట్‌మ్యాన్ అంటే రాత్రివేళ నేరస్థుల గుండెల్లో గుబులు పుట్టించడానికి గబ్బిలం వేషం వేసుకున్నవాడు. మసక రంగులు అతని ఆయుధం. ఈ ముఖచిత్రం మీద అదే బ్యాట్‌మ్యాన్ గులాబీ రంగు దుస్తుల్లో నిలబడ్డాడు. పక్కన ఇంకా రకరకాల రంగుల్లో అదే వేషం తగిలించి ఉంది. రోజుకొక రంగు వేసుకోక తప్పదని అతను తన సహచరుడు రాబిన్‌తో మహా గంభీరంగా చెబుతున్నాడు. పెళ్లికి చీరలు ఎంచుకునే సందర్భానికి ఈ గాంభీర్యం సరిపోతుందేమో గాని, గబ్బిలానికి సరిపోదు.

ఇప్పుడు లోపల కథ చూడండి. రాబిన్ మారువేషం లేకుండా ఉన్న సమయంలో నలుగురి ముందు ఒక అమ్మాయిని కాపాడబోయి చేతికి దెబ్బ తగిలించుకున్నాడు. ఆ చేతితోనే రాబిన్‌గా కనిపిస్తే ఎవరైనా గుర్తుపడతారు. అందుకని అందరి కళ్లూ తన మీదే ఉండేటట్లు బ్యాట్‌మ్యాన్ రంగురంగుల దుస్తులు వేసుకున్నాడు. అంటే ఒక పిల్లవాడి రహస్యాన్ని కాపాడడం కోసం పెద్దవాడు తాను నవ్వులపాలు కావడానికి సిద్ధపడ్డాడు. కథ తెలిశాక ముఖచిత్రం మీద నవ్వు పోదు. దాని రుచి మాత్రం మారుతుంది. ఇన్నేళ్లలో నేను చూసిన ముఖచిత్రాలలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే.

ముందు బొమ్మ, తరువాత కథ

ఇంత విచిత్రమైన సన్నివేశాలు ఎలా పుట్టాయన్న ప్రశ్నకు జవాబు ఆ పుస్తకాలు అమ్ముడుపోయిన తీరులో ఉంది. కామిక్ పుస్తకాలు ఎక్కువగా పత్రికల దుకాణాల్లో, మందుల షాపుల్లో స్టాండ్లకు వేలాడేవి. పిల్లవాడి చేతిలో ఒకే నాణెం ఉంటుంది. ఎదురుగా డజన్లకొద్దీ పుస్తకాలు ఉంటాయి. అమ్ముడుపోని ప్రతులను దుకాణదారు వాపసు చేస్తాడు, ఆ నష్టం ప్రచురణకర్తదే. ఆ పిల్లవాడు స్టాండు ముందు నిలబడే ఆ కొద్ది క్షణాల్లో పుస్తకాన్ని అతని చేతికి ఎక్కించే బాధ్యత మొత్తం ముఖచిత్రానిది. అందుచేత 'ఇదేమిటి? ఇలా ఎందుకు జరిగింది?' అనే ప్రశ్న పుట్టించే బొమ్మ కావాలి. జవాబు లోపల ఉంటుంది, దానికి డబ్బు కట్టాలి.

ఈ అవసరం క్రమంగా ఒక పద్ధతిగా మారింది. డీసీ సంస్థలో జూలియస్ ష్వార్ట్జ్, మోర్ట్ వైసింజర్ వంటి సంపాదకులు చాలాసార్లు ముందుగా ముఖచిత్రాన్ని ఆలోచించేవారు. అది కుదిరాక రచయితను పిలిచి, ఈ బొమ్మకు సరిపడే కథ రాయమనేవారు. మామూలుగా కథను బట్టి బొమ్మ వస్తుంది. ఇక్కడ సమస్యాపూరణంలా నడిచింది. అవధాని ముందు పృచ్ఛకుడు అర్థం లేనట్టున్న ఒక పాదం పడేస్తాడు. మిగతా మూడు పాదాలతో దానికి అర్థం కల్పించడం అవధాని పని. ముఖచిత్రం ఆ నాలుగో పాదం. పూరణ వినకుండా సమస్యను మాత్రమే వింటే మనకు నవ్వు రాక ఏమొస్తుంది? పాత ముఖచిత్రాలను లోపలి కథ లేకుండా విడిగా చూసి నవ్వేవారు చేస్తున్నది సరిగ్గా అదే.

ఈ పద్ధతిలో పుట్టిన బొమ్మలు లెక్కలేనన్ని ఉన్నాయి. వైసింజర్ సంపాదకత్వంలోని 'జిమ్మీ ఓల్సెన్' పత్రికను తీసుకోండి. ఇతను సూపర్‌మ్యాన్‌కు ప్రాణస్నేహితుడైన కుర్ర విలేఖరి. 1958లో వచ్చిన ఒక ముఖచిత్రం మీద సూపర్‌మ్యాన్ ఇతన్ని దత్తత తీసుకుని, పితృదినోత్సవానికి ఇచ్చిన కానుకను కళ్ల నుంచి వెలువడే మంటతో ఎదుటే కాల్చేస్తాడు. 1961 జూన్ నాటి 53వ సంచిక మీద అదే జిమ్మీ కొండంత తాబేలు మనిషిగా మారిపోయాడు. లోకోపకారి ఇంత క్రూరుడెలా అయ్యాడని, విలేఖరి తాబేలెలా అయ్యాడని పిల్లవాడు అడగాలి. కొనాలి.

గొరిల్లాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1951 మే నాటి 'స్ట్రేంజ్ అడ్వెంచర్స్' ఎనిమిదో సంచిక ముఖచిత్రం మీద బోనులో ఉన్న గొరిల్లా, తాను ఒక శాస్త్రప్రయోగానికి బలైపోయానని రాసి చూపిస్తుంది. ఆ సంచిక బాగా అమ్ముడైంది. కారణం గొరిల్లాయేనని పైవాళ్లు తేల్చారు. అంతే, ప్రతి సంపాదకుడికీ గొరిల్లా కావలసి వచ్చింది. చివరకు నెలకు ఒక్క ముఖచిత్రం మీదే గొరిల్లా ఉండాలని సంస్థలో కట్టడి పెట్టుకోవలసి వచ్చిందని ష్వార్ట్జ్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. మన సినిమాల్లో ఒక పాట హిట్టయితే ఆ ఏడాదంతా అలాంటి పాటే వినిపించడం మీకు తెలిసిన విషయమే.

ష్వార్ట్జ్ సంపాదకత్వంలోనే 1966 ఆగస్టులో వచ్చిన 'ఫ్లాష్' 163వ సంచిక ముఖచిత్రం ఈ అమ్మకపు తర్కానికి పరాకాష్ఠ. మెరుపు వేగంతో పరుగెత్తగల నాయకుడు పరుగు మాని, అరచేయి మన వైపు చాచి, ఈ సంచికను దాటిపోవద్దని, తన ప్రాణం దీని మీదే ఆధారపడి ఉందని వేడుకుంటున్నాడు. ప్రతినాయకుడు లేడు, పోరాటం లేదు, ఉన్నది కొనుగోలుదారు ఒక్కడే. దీన్ని అనుద్దేశిత హాస్యం అనడానికి నాకు మనసొప్పదు. వేసినవాళ్లకు తాము ఏం చేస్తున్నదీ బాగా తెలుసని నా అభిప్రాయం. పదేళ్ల పిల్లవాడు దాన్ని నిజమైన ఆర్తిగా తీసుకోవాలి, వాడి పక్కనున్న తండ్రి నవ్వుకోవాలి. ఒకే బొమ్మకు ఇద్దరు ప్రేక్షకులు. 'అనుద్దేశితం' అనే ముద్ర వేసే ముందు మీరు కూడా ఇది ఎవరి కోసం వేసిన బొమ్మ అని ఒకసారి అడగండి.

ఇంకొకటి మాత్రం నిజంగా అనుద్దేశితమే. 1961 నవంబరు నాటి 'ఫెంటాస్టిక్ ఫోర్' మొదటి సంచికలో నేలను చీల్చుకుని వచ్చిన ఆకుపచ్చ రాక్షసి చేతిలో అదృశ్య యువతి చిక్కుకుంది. తగినంత త్వరగా అదృశ్యం కాలేకపోతున్నానని ఆమె వాపోతోంది. ఒంటిని రబ్బరులా ఎంత పొడవైనా సాగదీయగల నాయకుడు, తనను తాళ్లు ఆపలేవని ప్రకటిస్తున్నాడు. అలాంటివాణ్ణి తాళ్లతో కట్టాలని ఎవరికి తోచిందో ముఖచిత్రం చెప్పదు. కొత్త పాత్రలను ఒక్క పుటలో పరిచయం చేయాలన్న తొందరలో, ప్రాణాపాయంలో ఉన్నవాళ్లందరూ తమ శక్తుల గురించి ఉపన్యాసాలిస్తున్నారు. వీధినాటకంలో పాత్ర రంగం మీదికి వచ్చి తన పేరూ ఊరూ చెప్పుకుంటుంది గదా, అది అక్కడ ఔచిత్యం. రాక్షసి పిడికిట్లో అదే పని చేస్తే ఔచిత్యం తప్పింది.

సెనేటు ముందు ఒక ముఖచిత్రం

గొరిల్లాలు, తాబేళ్లు ఇంతగా పెరగడానికి మరో కారణం 1954లో ఉంది. ఆ సంవత్సరం ఫ్రెడ్రిక్ వెర్థామ్ అనే మానసిక వైద్యుడు, కామిక్ పుస్తకాలు బాలనేరస్థులను తయారుచేస్తున్నాయని వాదిస్తూ ఒక పుస్తకం ప్రచురించాడు. ఏప్రిల్‌లో సెనేటు ఉపసంఘం విచారణ జరిపింది. భయానక కామిక్కుల ప్రచురణకర్త విలియం గెయిన్స్ సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు. సెనేటర్ కెఫావర్ అతని పత్రిక ముఖచిత్రాన్ని ఒకదాన్ని చూపించాడు. ఒక చేతిలో గొడ్డలి, మరో చేతిలో జుట్టు పట్టుకున్న స్త్రీ తల. ఇది సదభిరుచేనా అని ప్రశ్న. భయానక కామిక్కు ముఖచిత్రంగా సదభిరుచేనని గెయిన్స్ జవాబిచ్చాడు. తలను ఇంకొంచెం పైకెత్తి, మెడ నుంచి రక్తం కారడం చూపిస్తే అప్పుడు దురభిరుచి అవుతుందని వివరించాడు.

ఆయన హాస్యమాడలేదు. తన వృత్తిలో తాను పాటించే హద్దును నిజాయితీగా చెప్పాడు. ఔచిత్యం అన్నది సందర్భాన్ని బట్టి ఉంటుందన్న క్షేమేంద్రుడి మాటే ఇది. కాని ఆ సందర్భం సెనేటు విచారణ గదిలో చెల్లలేదు. ఈ మొత్తం చరిత్రలో అత్యంత బాధాకరమైన అనుద్దేశిత హాస్యం నా దృష్టిలో ఈ జవాబే. దాని ఖరీదు చాలా ఎక్కువ. అదే ఏడాది అక్టోబరులో ప్రచురణకర్తల సంఘం ఒక నియమావళిని అమల్లోకి తెచ్చింది. శీర్షికల్లో భయానకాన్ని సూచించే మాటలు వాడకూడదు. రక్తపిశాచాలు, నడిచే శవాలు ఉండకూడదు. మంచి గెలిచి తీరాలి. చాలా పత్రికలు మూతపడ్డాయి, ఎందరో చిత్రకారులు, రచయితలు ఆ రంగం విడిచిపోయారు. గెయిన్స్ భయానక పత్రికలన్నీ ఆగిపోయాయి. చివరికి ఆయనకు మిగిలింది కావాలని నవ్వించే పత్రిక, 'మ్యాడ్'.

నిలిచిన ప్రచురణకర్తలకు రక్తం, శవాలు, పిశాచాలు నిషిద్ధమయ్యాయి. స్టాండు ముందు పిల్లవాణ్ణి ఆపవలసిన అవసరం మాత్రం అలాగే ఉంది. ఎవరికీ అభ్యంతరం లేని ఆశ్చర్యాలే మిగిలాయి: రంగు మారిన వేషం, జంతువైపోయిన స్నేహితుడు, 1962లో ఒక ముఖచిత్రం మీద పసిబిడ్డగా మారిన బ్యాట్‌మ్యాన్. నేడు మనం చూసి నవ్వే బొమ్మల్లో సగం ఆ నిషేధం నీడలో పెరిగినవే.

నవ్వు ఆగే చోటు

ఇంతవరకు సందర్భం తెలిస్తే నవ్వు రుచి మారుతుందని చూశాం. ఇప్పుడు రెండు యుద్ధకాలపు బొమ్మలు. 'కెప్టెన్ అమెరికా కామిక్స్' మొదటి సంచిక ముఖచిత్రం మీద, జెండా రంగుల దుస్తుల్లోని నాయకుడు హిట్లర్ దవడ మీద గుద్దుతున్నాడు. చుట్టూ సైనికులు కాల్పులు జరుపుతున్నారు. అమెరికాను విధ్వంసం చేసే పథకాల కాగితం ఒకటి అక్కడ పడి ఉంది, దాని మీద ఆ సంగతి ఇంగ్లీషులో స్పష్టంగా రాసి ఉంది. జర్మనీ నియంత తన రహస్య పత్రాలకు శత్రువు భాషలో శీర్షికలు పెట్టుకుంటాడన్నమాట. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఈ బొమ్మను తరగతిలో చూపిస్తే అందరూ ఆ కాగితం చూసి నవ్వేవారు. అప్పుడు నేను తేదీ చెప్పేవాణ్ణి. సంచిక మీద 1941 మార్చి అని ఉన్నా అది దుకాణాలకు వచ్చింది 1940 డిసెంబరులో. అమెరికా యుద్ధంలో చేరడానికి ఇంకా ఏడాది ఉంది. బొమ్మ వేసిన జో సైమన్, జాక్ కర్బీ ఇద్దరూ యూదులు. వారికి బెదిరింపులు వచ్చాయి, పోలీసు రక్షణ అవసరమైంది. ఇది విన్నాక కాగితం మీది అక్షరాలు మారవు. తరగతిలో నవ్వు మాత్రం సన్నగిల్లేది.

రెండోది 1943 మార్చి నాటి 'యాక్షన్ కామిక్స్' 58వ సంచిక. సూపర్‌మ్యాన్ అచ్చు యంత్రం దగ్గర నిలబడి పోస్టర్లు అచ్చు వేస్తున్నాడు. యుద్ధబాండ్లు కొని జపానువాడికి చెంపదెబ్బ కొట్టమని ఆ పోస్టరు చెబుతుంది. జపానువాళ్లను సూచించడానికి అందులో వాడిన మాట తిట్టు. ఆకాశంలో ఎగిరేవాడు ముద్రాపకుడి పని చేయడం చూడగానే నవ్వొస్తుంది, ఒప్పుకుంటాను. కాని అదే కాలంలో అమెరికా ప్రభుత్వం జపాను సంతతికి చెందిన దాదాపు 1,20,000 మందిని ఇళ్లు విడిపించి నిర్బంధ శిబిరాలకు తరలించింది. వారిలో ఎక్కువమంది అమెరికా పౌరులే. ఆ శిబిరాల్లో పదేళ్ల పిల్లలూ ఉన్నారు, పది సెంట్ల పుస్తకాలు చదివే వయసువాళ్లే. ఆ కాలపు యుద్ధ ముఖచిత్రాల మీద జపాను సైనికులను కోరలతో, పసుప్పచ్చని రాక్షసులుగా వేయడం మామూలు. వాటిని 'భలే తమాషాగా ఉన్నాయే' అని పక్కన పెట్టడం నాకు సాధ్యం కాదు.

భరతుడు నవ్వును ఆరు మెట్లుగా విభజించిన సంగతి మీరు ముందు పాఠంలో చదివారు. పెదవి కదిలే స్మితం నుంచి ఒళ్లు ఊగే అతిహసితం దాకా అవి నవ్వేవాడి స్థాయిని చెబుతాయి. గులాబీ బ్యాట్‌మ్యాన్‌కు స్మితం చాలు. గొరిల్లాలకు మీ ఇష్టం. ఈ చివరి బొమ్మకు ఆ ఆరింటిలో దేనినీ నేను కేటాయించలేను. మరి అక్కడ ఏ రసాభాస పనిచేస్తోంది? దాన్ని చూసి నవ్విన 1943 నాటి పిల్లవాడిది తప్పా, ఆ నవ్వును అతనికి అమ్మినవారిదా? దీని మీద సంప్రదింపు తరగతిలో వాదించుకోండి. నా దగ్గర తేలిన జవాబు లేదు.

అభ్యాసం

మీ ఇంట్లో గాని, గ్రంథాలయంలో గాని, పాత పుస్తకాల దుకాణంలో గాని దొరికే ఒక పాత తెలుగు డిటెక్టివ్ నవల తీసుకోండి. ముఖచిత్రం మాత్రమే చూసి, లోపల ఏం జరుగుతుందో పది వాక్యాల్లో ఊహించి రాయండి. ఆ తరువాత నవల చదివి, ముఖచిత్రంలోని సన్నివేశం కథలో ఎక్కడ ఉందో, అసలు ఉందో లేదో గుర్తించండి. మీకు నవ్వు వచ్చిన చోట ఏ ఔచిత్యం తప్పిందో, ఆ ముఖచిత్రం ఎవరిని ఆపడానికి వేసి ఉంటారో 200 పదాలకు మించకుండా వివరించండి. పుస్తకం కూడా తరగతికి తీసుకురండి.